టేపు బంతి

“సౌండు తీసెయ్ దీదీ. ఆ కామెంటరీ వాళ్లు నా ప్రాణం తోడేస్తారు” అంది హమీదా, దుపట్టా కళ్ల మీదికి లాక్కుంటూ.

శేషుకుమారి రిమోట్ నొక్కింది. ఒమాన్‌లోని సోహార్‌లో ఎదురెదురు ఫ్లాట్లలో ఏళ్ల తరబడి ఉంటున్నారిద్దరూ. హమీదా కొడుకు జావెద్ బౌలింగ్‌కి దిగితే ఎప్పుడూ ఇదే వరస. కన్నతల్లి కళ్లు మూసుకుంటుంది, ఈ కాకినాడ ఆవిడ చూసి తన హిందీలో చెబుతుంది.

జావెద్‌ది పాకిస్తాన్‌లోని సియాల్‌కోటే అయినా ఆడేది ఒమాన్‌కి. పగలు కంపెనీ డ్యూటీ, సాయంత్రం ప్రాక్టీసు. మొదటి ఏడాది అదరగొట్టాడు. ఎవరి దిష్టి తగిలిందో, నడుం విరిగినంత పనై, ఆపరేషన్ చేయించుకుని మంచాన పడ్డాడు. మళ్లీ జట్టులోకి వచ్చాక ఒక్క వికెట్టూ పడలేదు. కెనడా మీద ఈ మ్యాచ్‌లోనూ అంతే అయితే చోటు పోతుంది. ఆట చూసి ఉద్యోగమిచ్చిన కంపెనీ వీసా కూడా రద్దు చేస్తుంది. ఇక తల్లీకొడుకులు పెట్టే సర్దుకోవాల్సిందే.

వాడికి బౌలింగ్ అబ్బింది ఈ బిల్డింగ్ పార్కింగ్‌లోనే. టెన్నిస్ బంతికి కరెంటు టేపు చుట్టి, శేషుకుమారి కొడుకు చైతూ కాళ్ల దగ్గర యార్కర్లు దింపేవాడు. చైతూ చదువుకని టొరంటో వెళ్లేదాకా వాళ్ల వంటింటి కిటికీకి అద్దం నిలిచింది లేదు.

“ఎంతయింది దీదీ?”

“మనవాడి ఆఖరి ఓవరే. ఇంకా పడలేదు.”

సోఫాలో శేషుకుమారి ఫోన్ మోగింది.

“పొద్దున్నుంచీ మోగుతోంది. ఎత్తరాదూ?”

“మా ఆయనేలే. ముందు జావెద్ సంగతి చూడనీ.”

“బ్యాటింగ్ ఎవరు?”

“ఎవరో కుర్రాడు. ఇదే మొదటి మ్యాచట. బాగానే ఆడుతున్నాడు.”

దుపట్టా కిందే నిట్టూర్చింది హమీదా. “వాడికీ తల్లి ఉంటుంది కదా. ఆమె కూడా ఎక్కడో దువా చేస్తుంటుంది.”

“చేయకుండా ఎలా ఉంటుంది?”

“మరి అల్లా ఎవరి మాట వింటాడు?”

 శేషుకుమారి వెతికి హమీదా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి.

“ఈ పూటకి నీ మాటే విననీ. ఆ పిల్లాడికి ఇంకా బోలెడు మ్యాచ్‌లున్నాయి... ఇదిగో, పరుగెత్తుతున్నాడు. నడుం బాగానే వంగుతోంది. వేశాడు...”



“దీదీ?”

“యార్కర్ హమీదా. స్టంపు లేచిపోయింది. నీ కొడుకు గట్టెక్కాడు.”

ఇద్దరూ వాటేసుకుని ఏడ్చారు. శేషుకుమారే ఎక్కువ ఏడ్చింది. పరాయి బిడ్డ కోసం ఇంతలా ఎవరు ఏడుస్తారు, ఈవిడ రుణం ఎలా తీర్చుకోను అనుకుంది హమీదా.

“చాయ్ పెట్టుకొస్తానుండు” అని కళ్లు తుడుచుకుంటూ శేషుకుమారి వంటింట్లోకి వెళ్లింది.

హమీదా దుపట్టా తీసి టీవీలో కొడుకు కోసం వెతికింది. జావెద్ తనవాళ్ల నుంచి విడిపించుకుని, అవుటై వెళ్లిపోతున్న కుర్రాడి దగ్గరికి పరుగెత్తి భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఆ కుర్రాడు హెల్మెట్ తీశాడు.

చైతూ.