నల్ల ఆయిల్ డబ్బా

"గజ్జి పట్టిన కుక్కకు కాలిన ఇంజిన్ ఆయిల్ పూస్తరా?" పశువుల దవాఖానలో డాక్టరమ్మ కసిరింది. "ఒళ్లంత పుండ్లయినయ్. నాకితే చస్తది!"

జంగమ్మ చేతిలోని ఆయిల్ డబ్బా ముందుకు చాపింది. "మా మరిది మహేందర్ ఇచ్చిండమ్మా. ఇదే మందన్నడు. నెల సంది పూస్తున్న."

"తిమ్మాజిపేట ట్రాక్టర్ మహేందరా? పోయిన నెల తన కుక్కను తెచ్చిండు. వదినె కుక్కకు గూడ గజ్జే అంటే, రెంటికీ గోలీలిచ్చిన. ఆయిల్ పూయొద్దని మరీ చెప్పిన."

మరిది కుక్కకు కొత్తగా మొలిచిన నిగనిగలాడే బొచ్చు జంగమ్మ కళ్లముందు కదిలింది.

డబ్బా కింద పడేసి, గోక్కుంటున్న తన కుక్క కర్రిని నిమరబోయింది. ఆ చేతికింకా ఆయిల్ వాసనే.

కర్రి కుయ్యిమని డాక్టరమ్మ కాళ్ల వెనక్కి నక్కింది.