కొట్టకూడని గుర్తులు

రేడియో తెర మీద మళ్లీ ‘తప్పు’ అని వచ్చింది.

బస్సు డ్రైవరు దాన్ని బల్ల మీద పెట్టేశాడు. స్టీరింగు తిప్పీ తిప్పీ మొద్దుబారిన వేళ్లు. ఒక మీట నొక్కితే రెండు పడుతున్నాయి.

“ఇప్పుడే ఏం తొందరొచ్చింది? పద, పోదాం” అన్నాడు భార్యతో.

“నేర్చుకున్నాక పోదాం” అంది టైలరమ్మ.

షాపాయన ఓపిగ్గా మొదటికొచ్చాడు. పశువులు, పెంపుడు కుక్కలు తప్పిపోతే వెతికే రేడియోలు అమ్ముతాడాయన. మెడకి పట్టీ కట్టాలి. చేతిలోని రేడియోలో కమాండ్ కొడితే పట్టీ ఎక్కడుందో తెర మీద కనిపిస్తుంది.

“ఇంతకీ ఆవుకా, కుక్కకా అక్కా?”

“ఇంట్లో తిరిగేదానికే. మొన్న మార్కెట్ దాకా వెళ్లి దారి మర్చిపోయింది. చీకటి పడేదాకా ఎవరింటి అరుగు మీదో కూర్చుంది.”

కుక్కే అనుకున్నాడు షాపాయన. “కరుస్తుందా?”

“ఈయన్ని అడుగు.”

“అప్పుడప్పుడు” అన్నాడు డ్రైవరు తలెత్తకుండా.

షాపాయన కాగితం మీది కమాండ్ చూపించాడు.

ఫైండ్ <నంబరు> [నిమిషాలు] బీప్|లైట్

“కోణాల బ్రాకెట్లో ఉన్నది, అంటే పట్టీ మీది నంబరు, కొట్టి తీరాలి. చదరపు బ్రాకెట్లోది మీ ఇష్టం. నిలువు గీతకి అటూ ఇటూ ఉన్నవాటిలో ఏదో ఒకటే.”

డ్రైవరు కొట్టాడు. బ్రాకెట్లతో సహా కొట్టాడు. ‘తప్పు.’

టైలరమ్మ రేడియో అందుకుంది. “గుడ్డ మీద సుద్దతో గీత గీస్తాను. అది ఎక్కడ కత్తిరించాలో చెప్పడానికే కదా? ఆ గీతని తొడుక్కుని తిరుగుతామా? ఈ బ్రాకెట్లూ అంతే. మనకి చెప్పడానికే, కొట్టడానికి కాదు.”

డ్రైవరు కాగితం మీది చదరపు బ్రాకెట్టు దగ్గర వేలు పెట్టాడు.

“నిమిషాలు కొట్టకపోతే?”

“ఒక్కసారి చెప్పి ఊరుకుంటుంది” అన్నాడు షాపాయన. “కొడితే అన్నేసి నిమిషాలకోసారి చెబుతూనే ఉంటుంది.”

“అయితే కొడతాను.”

“బీపా, లైటా?”

“లైటు. బీప్ అంటే ఉలిక్కిపడుతుంది.”

టైలరమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

ఈసారి ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు. ‘సరే’ అని వచ్చింది. బల్ల మీది పట్టీ ఆకుపచ్చగా వెలిగింది. డ్రైవరు మొహంలో మాత్రం ఏ వెలుగూ లేదు.

“అక్కా, మీకు ఇట్టే పట్టుబడింది. ఈయన్ని ఇంత సతాయించే బదులు మీరే కొట్టుకోవచ్చుగా?”

“వెతికేది ఈయన.”

“సరే, ఇంటికెళ్లాక కట్టి, కాస్త దూరం వదిలి చూడండి. సిగ్నల్ అందకపోతే మార్చిస్తాను.”

“ఇంటిదాకా ఎందుకు, ఇప్పుడే చూద్దాం.”

“ఇక్కడ దేనికి కడతాం అక్కా?”

టైలరమ్మ జడ పక్కకి తప్పించి, పట్టీని తన మెడకే కట్టుకుని, “నేను మలుపు తిరిగాక కొట్టండి. మొన్నట్లా చీకటి పడనివ్వకండి” అని మొగుడికి చెప్పి వీధిలోకి నడిచింది.