ముసలి వేషాల రోజు

ఆ బుధవారం టెక్సస్‌లోని ఆ చిన్న ఊరి హైస్కూల్లో ఒక్క పడుచు ముఖం కూడా కనబడలేదు.

హోమ్‌కమింగ్ వారం మరి, పాత విద్యార్థులు బడికి తిరిగొచ్చే పండగ. శుక్రవారం ఫుట్‌బాల్ మ్యాచ్, శనివారం డాన్సు. ఈలోగా బడిలో రోజుకో వేషం. బుధవారం వంతు ముసలి వేషాలది.

పిల్లలు తలకి పిండి జల్లుకుని, శాలువాలు కప్పుకుని, నడుములు వంచి వరండాల్లో దగ్గుకుంటూ తిరుగుతున్నారు. ఆఫీసు చూసుకునే మిసెస్ పెట్రాసెక్ మాత్రం రెండు జడలు వేసుకుని పడుచుపిల్ల వేషం కట్టింది. జిమ్‌లో వేషాల పోటీకి మార్కులు వేసేది కూడా ఆవిడే. అందుకని ఆఫీసుకి తాళం పడింది.

హాడ్లీకి ఈ సరదాలేవీ పట్టడం లేదు. ఆమె ధ్యాసంతా చామంతి మీదే ఉంది.

హోమ్‌కమింగ్ శుక్రవారం ఆ ఊరి ఆడపిల్లలు పళ్ళెమంత గుడ్డ చామంతిని గుండెల మీద పెట్టుకుంటారు. దానికి మోకాళ్ళ దాకా రిబ్బన్లు, రిబ్బన్ల చివర చిరుగంటలు. తల్లి గానీ, నాయనమ్మ గానీ, స్నేహితుడు గానీ చేసిస్తారు. చామంతి లేని పిల్ల ఆ రోజు ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే పడుకుంటుంది.

హాడ్లీకి తల్లి లేదు. పెంచుతున్న మేనమామకి లారీ తోలడం తప్ప ఇలాంటివి తెలియవు. అయినా మూడేళ్ళుగా ఎవరో ఆమె కోసం ఆఫీసులో ఒక అట్టపెట్టె వదిలి వెళుతున్నారు. అందులో చామంతి. ఇచ్చిన వాళ్ళ పేరు ఉండదు.

ఆ ఎవరో తన క్లాసు కోల్టనే అని హాడ్లీ ఎప్పుడో తేల్చేసుకుంది. అడిగే ధైర్యం మాత్రం చాలలేదు. బడిలో ఆమెకిదే ఆఖరి ఏడాది. బుధవారం వచ్చేసినా పెట్టె రాలేదు.

"ఏంటే, ముఖం అలా వేలాడేసుకున్నావ్? వేషానికి సరిగ్గా సరిపోయిందిలే," అన్నాడు కోల్టన్, మైకు పట్టుకుని పక్కనుంచి పోతూ.

ఆ ఒక్క మాటకే పిచ్చిపిల్ల పొంగిపోయింది.

జిమ్‌లో డప్పులు మొదలయ్యాయి. చెక్కమెట్ల మీద కూర్చున్న ముసలి వేషాలన్నీ ఒక్కసారిగా కాళ్ళు తాటించాయి. నేల అదిరింది.

అప్పుడే పక్క తలుపు తోసుకుని ఒక ముసలామె లోపలికి వచ్చింది. వెలిసిపోయిన ఆకుపచ్చ కోటు, చంకలో పెట్టె. ఒక కాలు ఈడుస్తోంది.

"అబ్బ, ఆ నడక చూడండ్రా," అన్నాడు కోల్టన్ మైకులో. "ఇంతసేపూ ఎక్కడ దాక్కున్నావమ్మా?"

జిమ్ గొల్లున నవ్వింది.

ముసలామె బిత్తరపోయి చుట్టూ చూసింది. "హాడ్లీ ఎవరమ్మా?" అని దగ్గర్లో ఉన్న పిల్లని అడిగింది.

"హాడ్లీ, నీకోసమేనటే. పోయి విగ్గు పీకు, ఎవరో చూద్దాం," అని అరిచిందా పిల్ల.

నలుగురూ కలిసి హాడ్లీని ముందుకు తోశారు. ఇదంతా కోల్టన్ పన్నిన తమాషా అనుకుంది హాడ్లీ. లోలోపల సంతోషించింది కూడా.

ముసలామె ఆమెని చూసి నవ్వబోయింది. నవ్వు ఒక పక్కకే వచ్చింది. రెండో పక్క పెదవి జారిపోయి అలాగే ఉండిపోయింది.

"నీ... నీకూ..." మాట ముద్దయిపోయింది.

"ఏం యాక్టింగ్‌రా నాయనా," అన్నారెవరో.

"పీకు, పీకు," అని డప్పుల వరసకే అందరూ అందుకున్నారు.

హాడ్లీ ఆ నెరిసిన జుట్టు పట్టుకుని లాగింది.

అది ఊడి రాలేదు. వేళ్ళకి చెమట పట్టిన మాడు వెచ్చగా తగిలింది.

అంతమందిలో ఆ సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే. చెప్పడానికి నోరు తెరిచింది.

"ఏంటే, రావట్లేదా?" కోల్టన్ ఆమెనే చూస్తూ నవ్వుతున్నాడు. ఆ చూపు కోసమే ఆమె ఇన్నాళ్ళూ కాచుకుని ఉంది.

"గట్టిగా అంటించుకుంది," అంది హాడ్లీ.

జిమ్ పగలబడి నవ్వింది. కోల్టన్ మొదటి బహుమతి రిబ్బను తెచ్చి ఆకుపచ్చ కోటుకి గుచ్చాడు. ముసలామె చంకలోంచి పెట్టె జారి నేలమీద పడింది. లోపల ఏదో సన్నగా గల్లుమంది.

ఆమె కింది మెట్టు మీద కూలబడింది. నెమ్మదిగా పక్కకి ఒరిగిపోయింది.

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు.

అవతలి మూల బల్ల దగ్గరున్న మిసెస్ పెట్రాసెక్ గుంపుని తోసుకుంటూ వచ్చింది. ముసలామె ముఖం చూసి అక్కడే మోకాళ్ళ మీద పడిపోయింది.

"ఆపండ్రా ఆ డప్పులు. వేషం కాదర్రా ఇది. ఈవిడ మిస్ వెర్నా."

డప్పులు ఒక్కొక్కటే ఆగాయి. ఆ వెర్నా ఎవరో పిల్లల్లో ఒక్కరికీ తెలియదు.

అంబులెన్సు సైరన్ మోగించుకుంటూ వచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు మోగించలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

జిమ్ ఖాళీ అయింది. నేలంతా పిండి. హాడ్లీ వంగి పెట్టె తీసింది. అది మళ్ళీ గల్లుమంది. ఆ చప్పుడు ఆమెకి కొత్తది కాదు.

"ఆవిడ ఎవరి నాయనమ్మ, మేడమ్?"

"ఎవరి నాయనమ్మా కాదు." రెండు జడల మధ్య మిసెస్ పెట్రాసెక్ ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయింది. "పొద్దున్నే ఆఫీసుకి తాళం వెయ్యకుండా ఉండాల్సింది నేను."

"మరి ఈ పెట్టె ఎవరికివ్వాలి?" జవాబు ముందే తెలిసినట్టు అడిగింది హాడ్లీ.

"నీ దగ్గరే ఉంచుకో తల్లీ. చామంతి చేసిపెట్టేవాళ్ళు లేని పిల్ల ఎవరని ఆవిడ ప్రతి ఏడాదీ వచ్చి నన్ను అడిగేది, నాలుగేళ్ళుగా నేను చెప్పింది నీ పేరే."