ఒక్క కప్పు చాలు

"ఒక్క కప్పు. అంతకుమించి ఒక్క చుక్క కూడా రాకూడదు," అన్నాడు ఆర్విడ్, బూట్లకంటిన మంచు గుమ్మంలో దులుపుకుంటూ.

బల్ల వెనక అమ్మకానికి నిలబడ్డ వెర్నాకి దిగులేసింది. ఈ వారంలో ఆయన ఈ సామాన్ల కొట్టుకి రావడం ఇది మూడోసారి. కాఫీ మిషన్లన్నీ చూడ్డం, సరే చూద్దాం అనడం, వెళ్ళిపోవడం. కొట్టు యజమాని హాల్వర్సన్ పొద్దున్నే గొణిగాడు కూడా. "ఆ పెద్దమనిషి ఈవేళైనా కొంటాడా, గింజలన్నీ వాసన చూసేసి పోతాడా?"

కొంటే బాగుండునని యజమానికి. కొనకపోతే బాగుండునని వెర్నాకి. కొనేశాక ఆయనకి ఈ కొట్టుతో పనేముంది? ఆయనతో మళ్ళీ ఇలా మాట కలపాలంటే ఏ పెళ్ళికో, ఏ చావుకో పోవాలి. అరవయ్యారేళ్ళొచ్చాక ఇదేం పిచ్చే నీకు అని తనని తాను తిట్టుకుంది. నాలుగు రోజులుగా అదే పని.

"ఇద్దరికి సరిపోయేది కూడా ఉంది ఆర్విడ్. ఎవరైనా వస్తే పనికొస్తుంది."

"వద్దొద్దు. ఒక్క కప్పుదే."

రెండో కప్పు ఊసే గిట్టని మనిషి! ఇంకేం ఆశ పెట్టుకుంటావే మొద్దు మొహమా, అనుకుంది వెర్నా. పైకి మాత్రం నవ్వుతూ ఓ మిషను ముందుకి జరిపింది.

"అయితే ఇదిగో. పొడి నింపిన బిళ్ళ పడేసి మీట నొక్కడమే."

"ఆ బిళ్ళలో పొడి ఏ కాలం నాటిదో! గింజలు అప్పటికప్పుడు పట్టాలి."

వెర్నా చేతిమర తీసి, గుప్పెడు గింజలు పోసి తిప్పసాగింది. కరకరమంటూ వాసన గుప్పుమంది. ఆర్విడ్ మర వంక చూడలేదు, ఆమె చేతి వంకే చూస్తున్నాడు.

"మణికట్టు నొప్పెడుతోందా?"

"కొంచెం. చలికాలం కదా."

"అయితే అది అవతల పెట్టు. పొద్దున్నే లేచి దాంతో కుస్తీ ఎవరు పడతారు?"

ఇక మిగిలింది ఒక్కటే. పైన గింజలు పోసి కింద కప్పు పెడితే, పట్టడం, కాచడం అన్నీ అదే చూసుకుంటుంది. గుర్రుమని ఓ నిమిషం అరిచి, నురగతో సహా ఒక కప్పు దించింది. వెర్నా ఆ కప్పు ఆయన ముందు పెట్టింది.

"రుచి చూడు."

"అబ్బే, వద్దు."

"కొంచెమే కదా."

"ఎందుకులే."

"చల్లారిపోతోంది, తీసుకో."

"నువ్వంతగా అంటే సరే," అని అందుకున్నాడు.

అమెరికాలో మా మిన్నెసోటా వైపు మర్యాదంటే అదే మరి. ఎవరేం పెట్టినా రెండుసార్లు వద్దనాలి, మూడోసారికి ఒప్పుకోవాలి. మొదటిసారే సరేనంటే కక్కుర్తి మనిషంటారు. మూడోసారి అడగలేదంటే, అడిగినవాడికి అసలు పిలవడమే ఇష్టం లేదని అర్థం.

ఆర్విడ్ ఆ కప్పుతో చేతులు వెచ్చబెట్టుకుంటూ, "నువ్వూ ఒకటి పోసుకు తాగు. కొట్టు మాట కాదు, నిజం చెప్పు. ఎలా ఉంది?" అన్నాడు.

వెర్నా తాగింది. "చిక్కగా, కమ్మగా ఉంది. నన్నడిగితే ఇదే."

"అయితే ఇదే కట్టెయ్."

అయిపోయింది. వెర్నా డబ్బాకి టేపు వేసింది. వేసినచోటే మళ్ళీ వేసింది. ఇంకోసారి కూడా వేసేదే, టేపు అయిపోయింది.

ఆర్విడ్ చెవి గోక్కున్నాడు. గోడకున్న మంచు పారల వైపు చూస్తూ, "వెర్నా, ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికొచ్చి ఓ కప్పు తాగి పోరాదూ?" అన్నాడు.

ఎగిరి గంతెయ్యాలనిపించింది వెర్నాకి. "అయ్యో, నీకెందుకు శ్రమ," అంది.

"నాకు శ్రమేముంది? చేసేది మిషనేగా."

"వద్దులే ఆర్విడ్. ఆదివారం బట్టలుతుక్కోవాలి."

రెండయ్యాయి. ఇక మూడోది. వెర్నా ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. ఆర్విడ్ నోరు తెరిచాడు.

"అయితే... ఉంటా మరి," అని డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"అమ్మయ్య, కొన్నాడు!" అన్నాడు లోపల్నుంచి హాల్వర్సన్.

వెర్నాకి ఏడుపు తన్నుకొచ్చింది. బట్టలట బట్టలు! నా బట్టలు తగలబడ! ఇంతకంటే మంచి సాకే దొరకలేదా నీకు? గాజు తలుపులోంచి చూస్తే ఆయన బండి ఇంకా అక్కడే ఉంది. ఇంజను ఆడుతోందే గాని బండి కదలడం లేదు. కోటైనా వేసుకోకుండా మంచులోకి పరిగెత్తి అద్దం మీద టకటకా కొట్టింది.

అద్దం కిందికి దిగింది.

"మూడోసారి అడగవేం?"

ఆర్విడ్ స్టీరింగు వైపే చూస్తూ, "అదీ వద్దన్నావనుకో, ఇక ఈ జన్మలో అడగడానికేం మిగలదు కదా," అన్నాడు.

"వస్తాను. అడక్కపోయినా వస్తాను. ఊరంతా కక్కుర్తి మనిషనుకుంటే అనుకోనీ!"

ఆయన మొహం విప్పారింది. చప్పున కోటు విప్పి కిటికీలోంచి ఆమె భుజాల మీద కప్పాడు. వెర్నా కళ్ళు తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, మళ్ళీ కొట్టు మనిషైపోయింది.

"అది సరేగాని, తెలివితక్కువవాడా, ఒక్క కప్పు మిషను కొన్నావు కదా, ఇద్దరం ఎలా తాగుతాం?"

"ఇద్దరం ఎక్కడ? డాక్టరు నా చేత కాఫీ మాన్పించి ఆరేళ్ళయింది వెర్నా!"