పరుపులవాళ్ళ పెద్దకోడలు

ఆ రోజు ఇంట్లో అత్తగారు, పెద్దకొడుకు, చిన్నకొడుకు, చిన్నకోడలు ఉన్నారు. ఇంకా కళ్ళు సరిగా తెరవని పసిపాప కూడా ఉంది.

పెద్దకోడలు గడప బయట ఉంది.

ముందుగదిలోనే పరుపులు కుడతారు. ఎటు చూసినా దూది. ఆ ఇంట్లో తుమ్మని మనిషి, దగ్గని మనిషి లేరు.

“మందుల కోర్సు అయిపోయింది అత్తయ్యా. జబ్బు పూర్తిగా పోయిందన్నారు.”

“పోతే పోయింది. కడుపు పండుతుందన్నారా?”

పెద్దకోడలు తల దించుకుంది. గర్భసంచికి టీబీ. రెండుసార్లు నిలిచినట్టే నిలిచి జారిపోయాక గానీ అదేమిటో తెలియలేదు. అప్పటికే గొట్టాలు పూడుకుపోయాయి.

“పండదన్నారు.”

“మరెందుకు వచ్చినట్టో!”

“ఇంకెందుకమ్మా,” అన్నాడు చిన్నకొడుకు, దూది ఏకుతూ. “వదినకి చేతులు ఊరుకోవడం లేదు. పాపను ఎత్తుకోవాలిగా.”

“అత్తయ్యా, అక్కని లోపలికి రానివ్వకండి,” లోపలి గదిలోంచి చిన్నకోడలు అరిచింది. “పసిగుడ్డుకి అంటుకుంటే?”

పెద్దకొడుకు సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. ఎంతకీ ఎక్కడం లేదు. పెళ్ళాం వైపు మాత్రం చూడలేదు.

“పాపను ముట్టుకోను. ఒక్క మాట చెప్పి పోతాను.”

“నీ సంగతి నాకు తెలీదూ? ముందు ఒక్క మాటంటావు, తర్వాత ఒక్క పూటంటావు. చాప కింద నీరువి!” అత్తగారు నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఒక పట్టాన తెగలేదు.

“పాడు దూది! అమ్మ ఉండగా ఈ వీధిలో ఎవరికీ అలారం అక్కర్లేదు,” అన్నాడు చిన్నకొడుకు. లోపల చిన్నకోడలు కిసుక్కున నవ్వింది.

“మీ గదిలోనే పడుకుని, ఈ దగ్గుకి వీపు రాసింది నేనే కదా అత్తయ్యా. అందుకే చెబుతున్నా...”

“చేసిన చాకిరీ దెప్పడానికొచ్చావన్నమాట!”

ఇంతలో పాప ఏడ్చింది. అత్తగారు లోపలికి వెళ్ళి, పాపను భుజాన వేసుకుని వచ్చింది. “చూశావా, నీ గొంతు వినగానే ఎలా జడుసుకుందో!” అంటూ పాప బుగ్గను తన బుగ్గకు ఆనించుకుంది.

పెద్దకోడలు ఒక్క అంగలో గడప దాటింది. రెండు చేతులూ చాచింది.

“వద్దత్తయ్యా, పాపను ఇలా ఇవ్వండి!”

“చూడండర్రా, లాక్కుంటోంది! ముట్టుకోనంది ఇప్పుడేగా!”

పెద్దకొడుకు లేచాడు. పెళ్ళాం భుజం పట్టి బయటికి నెట్టి, తలుపు మూసి గడియ పెట్టాడు.

“నాది ఎవరికీ అంటుకునే రకం కాదంది డాక్టరమ్మ, మీ దగ్గు వల్లే నాకు అంటుకుని ఉంటుందంది, పరీక్ష చేయించుకునేదాకా పాపను ఎత్తుకోకండి అత్తయ్యా,” అని ఆమె మూసిన తలుపుతో చెబుతుంటే, అవతల మళ్ళీ దగ్గు మొదలైంది.