అడ్డకర్ర

"అది వద్దు నాన్నా. ఎడారి ఫొటో పెట్టు," అంది చిట్టి మూడోసారి.

కళ్లద్దాల షాపు నడిపే వాళ్ల నాన్న వినిపించుకోలేదు. ఫొటోలకు ఫ్రేములు కట్టేతని బల్ల మీద రెండు ఫొటోలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో తెల్లవారుజాము ఎడారి, ఇసుక మడతలు, మనిషి జాడ లేదు. రెండోదాంట్లో ఆయన కూతురు చిట్టే. హైజంప్ పోటీలో అడ్డకర్ర మీదుగా వెల్లకిలా తేలిపోతోంది. వీపుకీ కర్రకీ మధ్య చెయ్యి దూరేంత సందు. షాపు కట్టేశాక ఆయనకున్న పిచ్చల్లా కెమెరా ఒక్కటే, ఆ పిచ్చికి పుట్టిన ముద్దుబిడ్డలు ఈ రెండూ. రేపటి ఫొటోల ప్రదర్శనకి మాత్రం ఒక్కటే తీసుకుంటారట.

"ఎడారి కూడా బ్రహ్మాండంగా ఉంది సార్," అన్నాడు ఫ్రేములతను, ఇద్దరి మధ్యా నలిగిపోతూ.

"ఉంటుందయ్యా! కానీ ఇసుకకి ఎవడూ అన్యాయం చెయ్యలేదుగా! ఈ పిల్లకి చేశారు. నిక్షేపంలా దాటితే, దాటలేదని జడ్జీ ఎర్రజెండా ఊపాడు, మెడల్ ఇంకో పిల్ల మెళ్లో వేశారు. రేపు ప్రదర్శనకి రిబ్బన్ కత్తిరించేది ఆ జడ్జీయే. ఆయన కళ్లెదురుగా వేలాడాలి ఇది. కింద పెద్ద అక్షరాలతో 'ఇదీ నిజం' అని రాయి."

చిట్టి మొహం పాలిపోయింది. "అంతమందిలో నా పరువు తీయకు నాన్నా."

"పోయేది నీ పరువా, ఆ గుడ్డి జడ్జీదా?"

"ఊరికే ఎర్రజెండా ఊపుతారా సార్?" అని నసిగాడు ఫ్రేములతను.

"నేనక్కడే ఉన్నానయ్యా! ఇలా దాటింది, అలా క్లిక్‌మనిపించాను. అక్కడికక్కడే కెమెరాలో ఫొటో పెద్దది చేసి ఒకటికి నాలుగుసార్లు చూసుకున్నాను. తలెత్తేసరికి కర్ర ఎక్కడిదక్కడే ఉంది. పిల్ల పరుపు మీద పడి ఆనందంతో ఏడుస్తోంది. అందరి చూపూ పరీక్ష చేసేవాణ్ణి, నా కళ్లనే అనుమానిస్తావా?"

 ఫ్రేములతను హైజంప్ ఫొటో అందుకుని, దాని మీద అద్దం పెట్టాడు.

చిట్టి గబుక్కున తండ్రి చెయ్యి పట్టుకుంది. ఏడాదిగా ఈ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. ఆ రోజు ఆయన కెమెరా పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "చూడవే, అచ్చం పక్షిలా ఉన్నావు!" అన్నప్పుడు ఆ మొహంలో సంబరం చూసి ఆమెకు నోరు పెగల్లేదు. తర్వాత ఆయన జడ్జీని తిట్టిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయింది.

"నాన్నా, దిగేటప్పుడు నా మడమ కర్రకి తగిలింది."

"తగిలితే కర్ర పడాలి కదే! నిలబడే ఉందిగా?"

"పడింది నాన్నా. నువ్వు తల దించుకుని ఫొటో చూసుకుంటున్నావు. నువ్వు తలెత్తేలోపు ఆ జడ్జీగారే దాన్ని తీసి మళ్లీ పైన పెట్టారు."