మసి అక్షరాలు

"కొంప మునిగింది!" అనుకున్నాడు కెమిస్టు.

పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి కోసం ప్రత్యేకంగా తయారుచేసి, ట్రేలో ఓ మూలన పెట్టుకున్న టెస్టు పట్టీని ప్రొఫెసర్‌గారు స్వయంగా తీసి, అనుమతులిచ్చే అధికారిణి చేతిలో పెట్టేశారు.

"బంగారు నానో రేణువులకు బదులు ఇందులో మసి రేణువులు వాడాం మేడమ్. జ్వరం టెస్టు ఇక టీ ధరకే వస్తుంది. శాంపిల్‌లో జ్వరం క్రిమి ఉంటే రెండు నల్ల గీతలు తేలతాయి," అన్నారాయన గొంతు సవరించుకుంటూ.

"మేడమ్, అది... కాస్త తడిసింది. వేరేది ఇస్తాను," అంటూ కెమిస్టు చెయ్యి చాచాడు.

"ఏరి ఇచ్చేవి నాకొద్దు బాబూ. మీ సార్ తన చేత్తో ఇచ్చిందే చూస్తాను."

నవ్వితే ఎక్కడ అనుమతి ఇవ్వాల్సొస్తుందో అన్నట్టు మొహం బిగించుకుని, ఆవిడ జ్వరం శాంపిల్ చుక్కలు వేసేసింది.

కెమిస్టు మెల్లగా అమ్మాయి పక్కకు జారుకున్నాడు.

"ఏంటలా చెమటలు కక్కుతున్నావ్?" గుసగుసగా అడిగింది.

"అందులో గీతలు రావు. అక్షరాలొస్తాయి."

"ఏం అక్షరాలు?"

"'పెళ్లి చేసుకుందామా?' అని. నీకోసం."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వో ఏడుపో అతనికి అంతుబట్టలేదు.

"మసితోనా? నాకైనా బంగారంతో రాయకూడదూ, పిసినారీ?"

"మసైతే నల్లగా, స్పష్టంగా..."

"సరే, సరే. చేసుకుందాంలే!"

అతనికి ఒళ్లు గాల్లో తేలినట్టయింది. ఆ సంబరంలో అధికారిణి సంగతే మరిచిపోయాడు. తల తిప్పేసరికి ఆవిడ పట్టీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదువుతోంది. మసి తన పని తాను చక్కగా చేసింది. ఒక్క ఒత్తు కూడా పోలేదు.

అనుమతి గోవిందా! ప్రొఫెసర్‌గారి కష్టమంతా గోవిందా!

"మేడమ్, తప్పు నాది..." అంటూ కెమిస్టు ముందుకు ఉరికాడు.

ఆవిడకి వినిపిస్తేగా! కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని, ఏమీ అర్థంకాక నిలబడిపోయిన ప్రొఫెసర్‌గారి వైపు తిరిగింది.

"కాలేజీలో నా పక్క బెంచీలో కూర్చున్నప్పుడే అడగాల్సిన మాట! ఇన్నేళ్లు పట్టిందిట్రా నీకు, మొద్దూ?"